కాళ్ళ దగ్గరి వెలుగు

ఏ వస్తువు కంటపడినా షావుకారుకి ముందుగా తట్టేది ఒకటే. ఇది ఎంత చోటు తింటోంది, బదులుగా ఏమిస్తోంది? దుకాణంలో అరలకీ అదే లెక్క, ఇంట్లో కుర్చీలకీ అదే లెక్క. అప్పుడప్పుడూ తనని కూడా బావ అదే చూపు చూస్తుంటాడని అతని బావమరిది అందరికీ చెప్పి నవ్వుతుంటాడు. ఆ వారం ఆ చూపు ఇంటి వెనక పెరడు మీద పడింది.

అతనిది తోట దీపాల దుకాణం. వీధి వైపు గది దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. ఈ మధ్య జనానికి ఇంటి చుట్టూ దీపాలు పెట్టుకోవాలన్న సరదా పెరిగింది. గేటు పక్కన, మెట్ల మీద, పూలకుండీల మధ్య చిన్న చిన్న దీపాలు కావాలంటున్నారు. గిరాకీతో పాటు అట్టపెట్టెలూ పెరిగాయి. అవి దుకాణం దాటి నడవాలోకి వచ్చాయి, నడవా దాటి భోజనాల బల్ల కిందికి చేరాయి. కాళ్ళు చాపుకుని అన్నం తిని ఎన్నాళ్ళయిందో షావుకారుకి గుర్తులేదు. పెరటి నేలంతా కాంక్రీటు పోయించి పైన రేకులు కప్పిస్తే చక్కటి గోడౌను అవుతుంది. మేస్త్రీ వచ్చి టేపు పట్టి కొలిచాడు. సోమవారం మనుషుల్ని తీసుకొస్తానని మాటిచ్చి వెళ్ళాడు.

ఈ సంగతి చెప్పినప్పుడు భార్య దుకాణం బిల్లులకి రబ్బరుబ్యాండు వేస్తోంది. తలెత్తకుండానే "మీ ఇష్టం" అంది. వ్యాపారంలో అవతలివాడి నోట ఆ మాట వచ్చిందంటే బేరం కుదిరినట్టే. షావుకారు దాన్ని అలాగే జమ వేసుకున్నాడు. ఆవిడ రబ్బరుబ్యాండుని అవసరానికి మించి ఇంకో చుట్టు తిప్పడం అతను చూశాడు కానీ అది ఏ పద్దులోకీ రాలేదు.

పైగా అతని దగ్గర సాక్ష్యం కూడా ఉంది. పొద్దున అతను దీపాలు బిగించే ఇళ్ళకి తిరుగుతుంటే దుకాణంలో ఆవిడ కూర్చుంటుంది. మధ్యాహ్నం వంటా, ఇల్లూ. ఆవిడకంటూ మిగిలేది సాయంత్రమే. ఇదివరకు ఎండ తగ్గగానే పెరట్లోకి వెళ్ళి, అన్నం వేళకి పిలిస్తే గానీ వచ్చేది కాదు. చీర కుచ్చిళ్ళ నిండా మట్టి, వేళ్ళకి టమాటా ఆకుల వాసన. ఇప్పుడు పొద్దు వాలకముందే లోపలికి వచ్చేస్తోంది. టమాటా మొక్కలు కట్టు తెగి పక్కకి ఒరిగాయి. చిక్కుడు పాదుని నత్తలు జల్లెడ చేస్తున్నాయి. ఆవిడకే మక్కువ తీరిపోయాక అంత చోటు ఊరికే పడి ఉండటం దేనికని షావుకారు అనుకున్నాడు.

మంగళవారం కంపెనీ నుంచి కొత్త రకం దీపాలు దిగాయి. వచ్చిన కొనుగోలుదారు ప్రతివాడూ వెలిగితే ఎలా ఉంటుందో చూపించమంటాడు. దుకాణంలో బల్ల మీద వెలిగించి చూపిస్తే ఆ అందం తెలియదు. చెట్టుండాలి, గోడుండాలి, చీకటి పడాలి. కాంక్రీటు పోసేలోపు పెరట్లో ఓసారి బిగించి ఫోటోలు తీసుకుంటే సరిపోతుందని షావుకారుకి తోచింది. ఎలాగూ పోయే పెరడు, పోయే ముందు ఒక పనికొస్తుంది.

వైరు చుట్టలు భుజాన వేసుకుని బావమరిది వచ్చాడు. సంగతి విని, బావ సొంతింటికి దీపం పెడుతున్నాడంటే ఎక్కడో లాభం దాగి ఉండాలి, అది కనిపెట్టేదాకా తను మంచినీళ్ళు కూడా ముట్టనన్నాడు. అక్క నవ్వి మజ్జిగ ఇచ్చింది. అది మంచినీళ్ళు కాదు కాబట్టి తాగేశాడు.

పని మొదలైంది. వెనక తలుపు పక్కన చూరు కింద ట్రాన్స్‌ఫార్మరు పెట్టె బిగించారు. ఇంట్లో కరెంటుని అది పన్నెండు వోల్టులకి దించి బయటికి వదులుతుంది. అందుకే ఈ దీపాలకి లోతైన గోతులూ గొట్టాలూ అక్కర్లేదు. పారతో మట్టిని కాస్త విడదీసి, సందులో వైరు పరిచి, కాలితో మళ్ళీ కప్పేస్తే సరి. దీపం అడుగున మేకులాంటి మొన ఉంటుంది, దాన్ని నేలలో గుచ్చడమే. తడి చేత్తో పట్టుకున్నా షాకు కొట్టదు. షావుకారు దుకాణంలో ఈ ముక్క రోజుకి ఎన్నిసార్లు చెబుతాడో లెక్కలేదు.

జామచెట్టు మొదట్లో రెండు పెద్ద దీపాలు కొమ్మల్లోకి ఎగజిమ్మేలా పెట్టించాడు. ప్రహరీ పొడవునా తెల్లటి దీపాలు, మెట్లకి రెండు పక్కలా ఎత్తుగా నిలబడేవి. వెనక మూలదాకా వెళ్ళేసరికి మందం వైరు అయిపోయింది. నాలుగు రోజుల సంబరానికి కొత్త చుట్ట కోయడం ఎందుకని, షావుకారు మూలనపడ్డ సన్నటి ముక్కల్ని అతికించమన్నాడు. సన్న వైరు మీద అంతదూరం పోతే చివరి దీపాలకి సరిగ్గా అందదని బావమరిది గొణిగాడు. గొణుగుతూనే అతికించాడు.

చీకటి పడ్డాక స్విచ్చి వేశారు. పెరడు ధగధగలాడిపోయింది. జామచెట్టు వెండితో పోత పోసినట్టుంది. చిక్కుడు పాదు దగ్గర చివరి దీపాలు మాత్రం నిద్రమొహాలు వేసుకున్నట్టు మసకగా వెలిగాయి. షావుకారు ఆ మూల రాకుండా ఫోటోలు తీశాడు.

భార్య గడప దగ్గరే నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చాలా బాగుందంది. పెళ్ళివారిల్లులా ఉందంది. గడప మాత్రం దిగలేదు.

బుధ, గురువారాల్లో ఫోటోలు తమ పని తాము చేసుకుపోయాయి. సెల్‌ఫోను తిప్పి చూపించగానే జనం ఇదే కావాలన్నారు. సాయంత్రమయ్యేసరికి షావుకారు స్వయంగా లేచి వెళ్ళి పెరటి దీపాలు వేసి వస్తున్నాడు. ఆవిడ మాత్రం కాస్త వెలుతురుండగానే బకెట్టుతో దగ్గర మొక్కలకి నీళ్ళు పోసి, దీపాలు వెలిగే వేళకి వంటింట్లోకి వెళ్ళిపోతోంది. గురువారం బావమరిదితో షావుకారు ఇదే అన్నాడు.

"చూశావుగా. పట్టపగల్లా వెలుగు పెట్టినా మీ అక్క అటు అడుగు పెట్టదు. ఇంక ఆ పెరడు ఎవరికోసంరా?"

బావమరిది ఒక వైరు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కత్తెరతో వైరు తోలు ఒలుస్తూ, రెండోసారి ఒలవాల్సిన పని లేకపోయినా మళ్ళీ ఒలిచాడు.

శుక్రవారం సాయంత్రం భార్యాభర్తలిద్దరు దుకాణానికి వచ్చారు. ఫోటోలు చూసి సరిపెట్టుకునే రకం కాదు వాళ్ళు. ఫోటోలో అందరూ అందంగానే ఉంటారు, అసలుది చూపించమంది వచ్చినావిడ. షావుకారు దర్జాగా వాళ్ళని నడవాలోంచి, అట్టపెట్టెల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్ళి తలుపు తెరిచాడు. పెరడంతా చిమ్మచీకటి. దీపాల షావుకారు ఇంట్లోనే దీపాలు వెలగడం లేదా అన్నట్టు భర్త భార్య వైపు చూశాడు. షావుకారు ఏదో సర్దిచెప్పి, రేపు రమ్మని వాళ్ళని సాగనంపాడు. ట్రాన్స్‌ఫార్మరు కొట్టేసి ఉంటుంది, కంపెనీ వాడికి ఫోను చేసి నాలుగు దులపాలి అనుకుంటూ టెస్టరు పట్టుకుని తిరిగొచ్చాడు.

ట్రాన్స్‌ఫార్మరు బాగానే ఉంది. ఎవరో స్విచ్చి ఆపేశారు.

వేయబోయి, చెయ్యి దాని మీద ఉండగానే ఆగాడు. పెరట్లో ఎవరో కదులుతున్నారు. కళ్ళు చీకటికి కొంత అలవాటుపడ్డాక భార్యని పోల్చుకున్నాడు. బట్టలారేసే తీగని ఎడమచేత్తో పట్టుకుని నడుస్తోంది. కాలు ముందుకి చాపి, బొటనవేలితో నేలని తడిమి, ఆ తర్వాతే బరువు వేస్తోంది. జామచెట్టు ఇంకా నాలుగడుగులుందనగా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొమ్మ నిజంగానే ఆ చేతికి తగిలింది. తల వంచి దాటి చిక్కుడు పాదు దగ్గర గొంతుక్కూర్చుంది. ఆకుల అడుగున వేళ్ళు పోనిచ్చి, ఒక్కో ఆకూ తడిమి, నత్త దొరికితే పీకి డబ్బాలో వేస్తోంది. పెంకు డబ్బాకి తగిలినప్పుడు టక్కుమంటోంది. చాలాసేపటికి ఒకటి. ఒకప్పుడు రెండు చేతులతో చకచకా ఏరేసే మనిషి.

షావుకారుకి సగం అర్థమయింది. మిగతా సగం అర్థమయ్యేలోపు చెయ్యి తన అలవాటు చొప్పున స్విచ్చి నొక్కేసింది. సాయం చేద్దామనే నొక్కాడు.

తెల్లటి వెలుగు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆవిడ లేవబోయి రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. డబ్బా జారిపోయింది. అటూ ఇటూ తూలి, పట్టుకోవడానికి ఏదీ అందక, పాదు పక్కన తడిమట్టిలో కూలబడిపోయింది.

"ఆర్పేయండి" అంది. గొంతు పెంచలేదు.

ఆర్పేశాడు. పరుగెత్తబోయి మెట్టు దగ్గర తనే కాలు మడతపడి తూలాడు. ఆవిడని లేవదీసి, మెల్లగా నడిపించుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. దెబ్బేమీ తగల్లేదంది. మోచేయి గీసుకుపోయింది, అంతే. తనూ పక్కనే కూర్చున్నాడు. దుకాణంలో ఎవరో పిలుస్తున్నారు. షావుకారు లేవలేదు. అలా లేవకపోవడం అతని జీవితంలో కొత్త.

ఎప్పటి నుంచని అడిగాడు. ఏడాది దాటిందంది. పగలు అంతా బాగానే ఉంటుంది, పొద్దు వాలితే ఎవరో గుడ్డ కప్పినట్టుంటుంది. ఆ చీకట్లో మీ దీపాలు కళ్ళలోకి కొడితే కనబడే ఆ కాస్తా పోతుందంది. వాళ్ళమ్మకీ ఇలాగే రేచీకటి ఉండేదట. చీకటి పడితే ఆవిడని ఓ మూల కూర్చోబెట్టేసేవాళ్ళట. మంచి మాటలు చెప్పే కూర్చోబెట్టేవాళ్ళు, ఎవరూ కసురుకునేవాళ్ళు కాదు. చివరికి ఆవిడ లోకమంతా ఆ మూలే అయిపోయిందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు లెక్క వేస్తారు" అంది ఆవిడ. "సాయంత్రం కళ్ళు కనబడని మనిషికి పెరడు దేనికని. ఆ లెక్కలో తప్పు కూడా ఉండదు. మీరు వేసిన లెక్కలో నేనెప్పుడు తప్పు పట్టగలిగాను? అందుకే చెప్పలేదు."

ఆవిడ చెప్పకపోయినా షావుకారు అదే లెక్క వేశాడు. వేసి, కూడిక సరిచూసుకుని, మేస్త్రీకి కబురు కూడా పెట్టాడు.

"ఈ ఇంట్లో దుకాణం వినబడని చోటు ఆ పెరటి మూల ఒక్కటేనండీ" అంది ఆవిడ. ఇక ఆ ప్రసక్తి చాలన్నట్టు మోచేతికంటిన మట్టి దులుపుకుంది.

దుకాణానికి ఎవరొచ్చినా షావుకారు దీపం చూపించే ముందు కొన్ని సంగతులు అడుగుతాడు. మీ ఇంట్లో సాయంత్రాలు ఎవరు ఎటు నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, పెద్దవాళ్ళున్నారా, మెట్లున్నాయా? ముక్కూమొహం తెలియని వాళ్ళనందరినీ అడిగాడు. తన ఇంట్లో ఫోటోకి ఏది బాగుంటుందో అదే పెట్టాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, కొత్తగా వచ్చిన కొనుగోలుదారుని అడిగినంత మర్యాదగా, నీకెలాంటి దీపం కావాలని భార్యని అడిగాడు.

ఆవిడ ముద్ద కలుపుతూ ఆలోచించింది.

"ఆ వెనక మూలవి బాగున్నాయి" అంది. "పాదు దగ్గరివి. అవి కళ్ళలోకి రావు. నేల కనబడుతుంది. మొన్న మీరు దుకాణంలో ఉన్నప్పుడు, మిగతావాటి మీద తలా ఒక బుట్ట బోర్లించి చూశాను. ఆ మూల హాయిగా ఉంది. రోజూ బుట్టలు మోయలేక మొత్తం ఆపేస్తున్నాను."

సన్న వైరుతో గుడ్డిగా వెలిగేవి, ఫోటోలో పడకుండా తను తప్పించినవి. తక్కువరకం సరుకు మీద షావుకారుకి కృతజ్ఞత కలగడం అదే మొదలు. ఆ వైరు ముక్కల్ని పారేయకుండా దాచుకున్న తన పిసినారితనాన్ని కూడా ఆ పూటకి క్షమించేశాడు.

శనివారం బావమరిదిని పిలిపించి సంగతంతా చెప్పాడు. అతను చేతిలోని కత్తెర కింద పెట్టాడు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించడం తనకి ఆటలా ఉండేదనీ, కావాలని గుంటల్లోకి తీసుకెళ్ళి నవ్వేవాడిననీ, అమ్మ కూడా నవ్వేదనీ అన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, ఎక్కడ మొదలుపెట్టమంటావు బావా అన్నాడు.

దుకాణం అటక మీద ఓ పాత రకం దీపాలున్నాయి. పొట్టిగా, పుట్టగొడుగులా పైన టోపీతో, పసుపు వెలుగుతో ఉంటాయి. వెలుగంతా టోపీ కింద నేల మీదే పడుతుంది. ఇదేం దీపమండీ, మట్టి తప్ప ఏమీ కనబడదని కొనేవాళ్ళు వెనక్కిచ్చేసిన సరుకు. షావుకారు వాటిని దింపి దుమ్ము తుడిచాడు. ఈసారి అతుకులు లేకుండా మందం వైరు కొత్త చుట్ట కోయించాడు, మొదటి దీపానికెంత అందుతుందో చివరి దానికీ అంతే అందేలా. బావమరిది చుట్ట వైపూ బావ వైపూ చూశాడు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఎండ తగ్గాక ముగ్గురూ పెరట్లోకి దిగారు. ముందు ఆవిడ నడిచింది. తీగ పట్టుకోకుండా నడవమన్నారు. కాలు ఎక్కడ తటపటాయిస్తే అక్కడ బావమరిది ఒక దీపం గుచ్చాడు. జామచెట్టు కిందివీ, ప్రహరీవీ, మెట్ల పక్కన ఎత్తుగా ఉన్నవీ పీకేసి, ప్రతి మెట్టు అంచు కిందా ఒక చిన్నది దాచాడు. పొద్దు వాలాక వెలిగించి చూస్తే కొన్ని చోట్లు కుదరలేదు. మల్లెపొద దగ్గరిది మరీ దారిలోకి వచ్చింది. షావుకారు స్విచ్చి ఆపడానికి వెళ్ళబోతుంటే ఆవిడ అప్పటికే వంగి, నీళ్ళోడుతున్న చేత్తో వెలుగుతున్న దీపాన్ని పీకి, జానెడు పక్కకి గుచ్చింది. తర్వాత ఇంకొకటి. అక్కడి నుంచి మగవాళ్ళిద్దరికీ పని లేకుండా పోయింది. ఆవిడ మొక్క నాటినట్టే నాటింది, మొదట్లో మట్టి అదిమి, పక్కకి తిరిగి మరోసారి చూసుకుని. షావుకారు వెనకాలే వైరు పట్టుకుని నడిచాడు.

"నువ్వు ఈ పనికి దిగితే బావకి నాతో అవసరం ఉండదే అక్కా" అన్నాడు బావమరిది.

"నీతో ఇప్పుడు మాత్రం ఏం అవసరం" అంది ఆవిడ. అందరికంటే ముందు తనే నవ్వింది. ఈ ఏడాదిలో సాయంత్రం పూట ఆవిడ నవ్వగా వినలేదని షావుకారుకి అప్పుడు తట్టింది. అది తట్టనివ్వకుండా ఇంత కాలం దాచిపెట్టినందుకు ఆవిడ మీద అతనికి కోపం రావాలి. వచ్చింది, తన మీద.

ఆ నవ్వు పట్టుకునే, కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. డాక్టరు నయం కాదన్నా మళ్ళీ పెరడు జోలికి రానని మీరు మాటిస్తేనే వస్తానని ఆవిడ బేరం పెట్టింది. షావుకారు మారుబేరం ఆడలేదు.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ మనుషులతో, కాంక్రీటు మోసే గమేళాలతో దిగాడు. పెరట్లోకి తొంగిచూసి, నేలలో గుచ్చిన పుట్టగొడుగుల్ని చూసి, ఇవన్నీ ఎవరు తీస్తారని అడిగాడు. షావుకారు అతన్ని దుకాణాన్ని ఆనుకున్న గదిలోకి తీసుకొచ్చాడు. తను పేపరు చదువుకునే, మధ్యాహ్నం నడుం వాల్చే గది అది. రెండు గోడలకీ కప్పు దాకా అరలు కట్టమన్నాడు. దివాను తీసేస్తే అట్టపెట్టెలన్నీ ఇక్కడే ఇముడుతాయన్నాడు.

"మొన్న పెరడు దండగన్నారు కదండీ షావుకారుగారూ?"

"మళ్ళీ లెక్క వేశాను. దండగ ఈ గదిలో కనబడింది."

మేస్త్రీ దివాను వైపు జాలిగా చూశాడు. "మరి మధ్యాహ్నం తమరెక్కడ పడుకుంటారు?"

"పెరట్లో. ఆవిడ ఒప్పుకుంటే."

లోపల బిల్లులు సర్దుతున్న చప్పుడు ఆగింది. తర్వాత మేస్త్రీకీ మనుషులకీ కాఫీలు వచ్చాయి. షావుకారుకి గ్లాసు ఇస్తున్నప్పుడు ఆవిడ వేళ్ళు అతని వేళ్ళ మీద ఒక్క క్షణం ఎక్కువ ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనకి ఏం ఇచ్చింది, ఎంత చోటు తీసుకుంది అని షావుకారు మనసులో ఒకసారి కూడబోయాడు. ఒక పక్క పొడుగ్గా సాగిపోతూనే ఉంది. రెండో పక్క ఎంత వెతికినా పెరడొక్కటే కనబడింది, అది కూడా మొన్న లాక్కోబోయాడు. కాఫీ చల్లారుతోందని మేస్త్రీ గుర్తుచేశాడు.

ఆ సాయంత్రం దుకాణంలో గిరాకీ బాగానే ఉంది. గోడ నిండా నమూనా దీపాలు వెలుగుతున్నాయి. మొన్నటి దంపతులు మళ్ళీ వచ్చి, చెట్టు మీదికి ఎగజిమ్మేవి ఇప్పించమన్నారు. అవి ఇస్తాను గానీ ముందు మీ ఇంట్లో సాయంత్రాలు ఎవరెటు నడుస్తారో చెప్పండి అన్నాడు షావుకారు. వాళ్ళు వెళ్ళాక బావమరిదిని దుకాణంలో కూర్చోబెట్టి వెనక్కి వెళ్ళాడు.

తలుపు తీసి గడప మీద నిలబడ్డాడు. అంతసేపూ ఆ ధగధగలో ఉండి వచ్చిన కళ్ళకి పెరడు నల్లగా, అడుగూ అంచూ లేనట్టు కనబడింది. దీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా తెలియలేదు. గోడ తడుముకున్నాడు. ఎక్కడో పాదు వైపు నుంచి నత్త పెంకులు డబ్బాలో టకటకా పడుతున్నాయి, రెండు చేతులా ఏరుతున్న చప్పుడు. చప్పుడు ఆగింది.

"అక్కడే ఉండండి" అంది భార్య. "కళ్ళు సర్దుకోనివ్వండి. నేనొస్తున్నాను."

అడుగులు తడబడకుండా, నింపాదిగా దగ్గరికొచ్చాయి. నేల మీద అక్కడక్కడా పసుపు వెలుగు మడుగులు అతనికి అప్పుడప్పుడే తేలుతున్నాయి. వాటి మీదుగా ముందు ఆవిడ పాదాలు కనబడ్డాయి, మట్టి కొట్టుకుపోయి, తర్వాత చీర అంచు, తర్వాత చాచిన చెయ్యి. ఆ చెయ్యి పట్టుకున్నాడు. తడిగా, చల్లగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఎక్కి దిగుతున్న మెట్లే అయినా, ఆవిడ వెనకాలే, ఆవిడ కాలు పెట్టిన చోటే కాలు పెడుతూ దిగాడు.

"ఈ మెట్టు మిగతావాటికంటే కాస్త ఎత్తు తక్కువ" అంది ఆవిడ. "మెల్లగా."